లాటిన్ పూజకు చేతి మిస్సల్: ఏ ముద్రణ పనికొస్తుంది, ఏది బరువే మిగులుస్తుంది

చేతి మిస్సల్ అంటే, కతోలిక గుడిలో పూజ చేసే గురువు పీఠం మీద వాడే పెద్ద పూజా గ్రంథాన్ని (మిస్సల్‌ని) బెంచీల్లో కూర్చున్నవాళ్ల అరచేతికి సరిపోయేట్టు కుదించిన పుస్తకం. ఒక కాలమ్‌లో లాటిన్, పక్క కాలమ్‌లో ఇంగ్లీషు. ఇక్కడ రివ్యూ చేస్తున్నది 1962 మిస్సల్ ప్రకారం, అంటే 1970లో కొత్త మిస్సల్ రాకముందటి క్రమంలో, జరిగే లాటిన్ పూజ కోసం అచ్చయ్యే చేతి మిస్సళ్లను. తీర్పు ముందే చెప్పేస్తే, ఏడాదికి నాలుగైదు సార్లు ఆ పూజకు వెళ్లేవాళ్లకి ఇంత పుస్తకం అక్కర్లేదు. పూజలో మారని భాగాలుండే పల్చటి బుక్‌లెట్, ఆ ఆదివారం పాఠాలున్న ఒక కాగితం చాలు. ప్రతి వారం వెళ్లేవాళ్లు మాత్రం తప్పకుండా కొనుక్కోవాలి. అయితే అట్ట మీది బంగారు సిలువనీ, పేజీల అంచుల మెరుపునీ చూసి కొనొద్దు. గురువు పూజలో ఎక్కడున్నారో ఆ పేజీకి మనల్ని సమయానికి చేర్చాలి. మిస్సల్ ఉన్నది అందుకే.

మొదట చూడాల్సింది అది నిజంగా 1962 మిస్సలేనా అని. పాత పుస్తకాల దుకాణాల్లో దొరికే చేతి మిస్సళ్లు చాలామటుకు 1955కి ముందువి. తోలు అట్ట, గట్టి కుట్టు, చూస్తే వదలబుద్ధి కాదు. కానీ 12వ పయస్ పోపు 1955 నవంబర్‌లో పవిత్రవారం పూజాక్రమాన్ని మార్చారు. అది 1956 నుంచి అమలైంది. పాస్కా (ఈస్టర్) జాగరణలో పాత పుస్తకంలో 12 ప్రవచన పాఠాలుంటాయి, మారిన క్రమంలో నాలుగే. పండుగ తర్వాత ఎనిమిది రోజులు దాన్ని కొనసాగించే పద్ధతిని కూడా 1955లోనే క్రిస్మస్, పాస్కా, పెంతెకోస్తు మూడింటికే పరిమితం చేశారు. 1960 నాటి నియమాలు పండుగల హోదాని నాలుగు తరగతులుగా మార్చాయి. కాబట్టి పునీతుల పేర్ల పక్కన ‘డబుల్’, ‘సెమీడబుల్’ అని కనబడితే అది పాత పంచాంగం. దాన్ని పట్టుకుని వెళ్తే, మామూలు ఆదివారాల్లో ఫర్వాలేదు గానీ పవిత్రవారం మొత్తం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

దీనికి ఒక నిమిషం పరీక్ష ఉంది. కానన్‌లో, అంటే పూజకు నడుమ వచ్చే ప్రధాన ప్రార్థనలో, ‘కొమ్మునికాంతెస్’ అనే భాగం తెరవండి. మరియమాత పేరు తర్వాత, పేతురు పౌలుల పేర్ల కంటే ముందు ‘బెయాతి యోసెఫ్, ఎయుస్దెమ్ విర్జినిస్ స్పోన్సి’ అని ఉందేమో చూడండి. పునీత జోజప్పగారి పేరును అక్కడ చేర్పించింది 23వ జాన్ పోపు. అది 1962 డిసెంబర్ 8న అమల్లోకి వచ్చింది. అందుకే లోపలి పేజీలో 1962 అని అచ్చున్నా ఆ వరుస లేని పుస్తకాలుంటాయి. అలాంటిది ఇప్పటికే చేతిలో ఉంటే పారేయక్కర్లేదు, అంచున పెన్సిల్‌తో రాసుకుంటే సరిపోతుంది. కొత్తగా కొనేటప్పుడు మాత్రం ఆ వరుస లోపలే ఉన్న పుస్తకం తీసుకోవాలి. రెండో పరీక్ష పవిత్ర శుక్రవారం ప్రార్థనల్లో. యూదుల కోసం చేసే ప్రార్థనలో ‘పెర్ఫిదిస్’ అన్న మాట కనిపిస్తే అది 1959కి ముందటి పాఠం. ఆ ప్రార్థనని 16వ బెనెడిక్ట్ పోపు 2008 ఫిబ్రవరిలో పూర్తిగా మార్చారు. ఆ తర్వాత అచ్చయిన పుస్తకంలో కొత్త పాఠమే ఉండాలి, కనీసం విడి కాగితంగా అయినా ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రచురణకర్తలు పాత ఫిల్ముల్నే మళ్లీ అచ్చేసి అమ్ముతున్నారని లెక్క. 2020లో ఐచ్ఛికంగా చేరిన ఏడు ప్రెఫేషియోలు (కానన్‌కి ముందు వచ్చే స్తుతి ప్రార్థనలు) లేకపోవడాన్ని మాత్రం లోపంగా చూడక్కర్లేదు.

‘లాటిన్ పూజ’ అన్న మాట విని ఈ పుస్తకం కొనేసి తర్వాత ఇబ్బంది పడేవాళ్లున్నారు. 6వ పాల్ పోపు 1969 ఏప్రిల్ 3న ప్రకటించగా 1970లో వెలువడిన మిస్సల్‌కి కూడా మూలభాష లాటినే. దాని మూడో ప్రామాణిక ముద్రణ 2002లో వచ్చింది. ఆ పూజని లాటిన్‌లో చేస్తున్నప్పుడు 1962 పుస్తకం తెరిస్తే సగం దొరుకుతుంది, సగం దొరకదు. అక్కడ ఆదివారం పాఠాలు మూడేళ్లకోసారి తిరుగుతాయి, ఇక్కడ ఏటా అవే. కాబట్టి ముందు ఆ పూజ ఏ మిస్సల్‌ ప్రకారమో కనుక్కోవాలి. మరో సంగతి. 2021 జూలైలో ఫ్రాన్సిస్ పోపు ఇచ్చిన ఆదేశం ప్రకారం 1962 పూజకు పీఠాధిపతి (బిషప్) అనుమతి కావాలి, పాఠాలను ప్రజల భాషలో, ఆమోదం పొందిన అనువాదం నుంచి చదవాలి. చేతి మిస్సళ్లలో ఇంగ్లీషు పాఠాలు ఎక్కువగా పాత డూవే బైబిల్ అనువాదంవి. వినబడే మాట, కళ్లముందున్న మాట అక్షరం అక్షరం కలవకపోతే పుస్తకం తప్పని కంగారు పడొద్దు.

ఈ పుస్తకం రోమన్ రీతికి, అంటే రోము పూజాపద్ధతికి మాత్రమే. మిలాన్‌లోని అంబ్రోసియన్ రీతిలో ఆగమన కాలం ఆరు వారాలు, తపస్సుకాలం మొదలయ్యేది బుధవారం కాదు, ఆదివారం. సిరియాక్, గీజ్, ఆర్మేనియన్, చర్చ్ స్లావోనిక్ లాంటి భాషల్లో అర్చించే తూర్పు కతోలిక శ్రీసభలకు వాటి గ్రంథాలే వేరు. అసలు లాటిన్ మిస్సల్‌లో ఉన్నదంతా కూడా లాటిన్ కాదు. ‘కీరియె ఎలెయిసోన్’ గ్రీకు. ఆమెన్, అల్లెలూయ, హోసన్నా, సబావోత్ హీబ్రూ. పవిత్ర శుక్రవారం సిలువ ఆరాధనలో ఒక బృందం ‘హాగియోస్ ఓ థెయోస్’ అని గ్రీకులో పాడితే రెండోది ‘సాంక్తుస్ దేయుస్’ అని లాటిన్‌లో బదులిస్తుంది. రోములో లాటిన్ కంటే ముందు గ్రీకులో అర్చన జరిగింది, నాలుగో శతాబ్దానికి గానీ లాటిన్ స్థిరపడలేదు. మంచి ముద్రణలు ఈ గ్రీకు వరుసల్ని రోమన్ లిపిలో, ఒత్తు గుర్తులతో ఇస్తాయి. కొన్ని లాటిన్ అర్థం మాత్రమే ఇచ్చి వదిలేస్తాయి, అది బద్ధకం.

పుస్తకం అమరిక తెలియకపోతే ఎంత మంచి ముద్రణైనా చేతిలో రాయే. మొదటి పెద్ద భాగం కాలాలది, ఆగమన కాలం మొదటి ఆదివారంతో మొదలై పెంతెకోస్తు తర్వాతి చివరి ఆదివారం దాకా. రోజూ మారని పూజాక్రమం, కానన్ పుస్తకం మధ్యలో ఉంటాయి. తర్వాత తేదీలవారీగా పునీతుల పండుగలు. ఆ తర్వాత ‘కొమ్మూనె’, అంటే సొంత పూజ లేని పునీతుల కోసం వేదసాక్షులకు, కన్యకలకు, పీఠాధిపతులకు అంటూ ఉమ్మడిగా పెట్టిన పూజలు. చివర మరణించినవారి పూజలు, పాటలు, జపాలు.

ఒక్క పూజకి ఇందులో మూడు నాలుగు చోట్ల తిరగాలి. అందుకే రిబ్బన్లు ముఖ్యం. ఐదుకి తక్కువుంటే ఆ పుస్తకం వద్దు. ఆరు, అదీ ఆరు రంగుల్లో ఉంటే హాయి. ఒకటి ఎప్పుడూ పూజాక్రమం దగ్గర, ఒకటి ఆ రోజు పూజకి, ఒకటి ప్రెఫేషియోకి, ఒకటి పునీతుల భాగంలో, ఒకటి కొమ్మూనెలో, ఇంకోటి పాటల దగ్గర. రిబ్బన్ పొడవు పేజీ మూలకి ఐమూలగా లాగితే ఇంకా రెండంగుళాలు బయట వేలాడాలి. అంతకంటే పొట్టిదైతే లోపలికి జారిపోయి పూజ మధ్యలో దొరకదు. కొన్న రోజే కొసల్ని ఏటవాలుగా కత్తిరించి పారదర్శకమైన జిగురు ఒక చుక్క రాయండి. లేకపోతే ఆరు నెలల్లో పీచులు లేస్తాయి. అగ్గిపుల్లతో కాల్చే అలవాటు నైలాన్ రిబ్బన్‌కి సరే, పట్టు దానికి కాదు.

పేజీలు వెతకడం ముందు రాత్రే అయిపోవాలి, పది నిమిషాల పని. పంచాంగంలో రేపటి రోజేమిటో, దాని తరగతి ఏమిటో చూడాలి. ప్రవేశ గీతం ‘ఇంత్రోయితుస్’ దగ్గర రిబ్బన్ పెట్టాలి. అక్కడ కింద చిన్న ఎర్ర అక్షరాల్లో ‘మిగతాది ఫలానా పేజీ’ అని ఉంటే ఆ పేజీలో ఇంకోటి. ఆ తర్వాత ప్రెఫేషియో. పెంతెకోస్తు తర్వాత వచ్చే మామూలు ఆదివారాల్లో అది పరిశుద్ధ త్రిత్వానిది. తొందరలో చాలామంది సాధారణ ప్రెఫేషియో తెరిచి పెట్టుకుంటారు, అది మామూలు రోజులకి. చివరిగా, అదే రోజు ఇంకో పునీతుల స్మరణ ఉందేమో చూడాలి. ఉంటే మొదటి ప్రార్థన, నైవేద్యాల మీది రహస్య ప్రార్థన, సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన ఈ మూడు చోట్లా రెండో ప్రార్థన చేరుతుంది. పాఠాలు మారవు.

ఏటా నవంబర్‌లో ఈ పుస్తకం పట్టుకున్నవాళ్లు తప్పిపోయే చోటు ఒకటుంది. మిస్సల్‌లో పెంతెకోస్తు తర్వాత 24 ఆదివారాలే అచ్చయి ఉంటాయి, 24వది ఎప్పుడూ ఆఖరి ఆదివారానికే. పాస్కా పండుగ తొందరగా వస్తే ఆదివారాలు 28 దాకా సాగుతాయి. ఆ ఖాళీని, సంవత్సరం మొదట్లో దివ్యసాక్షాత్కార పండుగ తర్వాత వాడకుండా మిగిలిపోయిన ఆదివారాలతో నింపుతారు. 2024 తీసుకుందాం. పాస్కా మార్చి 31న వచ్చింది, కాబట్టి పెంతెకోస్తు తర్వాత 27 ఆదివారాలు. నవంబర్ 3, 10, 17 తేదీల్లో సాక్షాత్కారం తర్వాతి 4, 5, 6వ ఆదివారాల ప్రార్థనలు, పాఠాలు చదవాలి. కానీ పాడే భాగాలు మాత్రం పెంతెకోస్తు తర్వాతి 23వ ఆదివారానివి. నవంబర్ 24న ఆఖరి ఆదివారం. అంటే ఒకే పూజకి రెండు చోట్ల రిబ్బన్లుండాలి. మంచి ముద్రణలు ‘మిగిలిన ఆదివారాలు’ అని వీటిని పాటలతో సహా విడిగా, వరుసగా మళ్లీ అచ్చేస్తాయి. నాలుగు పేజీలు పొదుపు చేయడానికి దీన్ని ఒక ఎర్ర వాక్యంతో సరిపెట్టిన పుస్తకానికి నా దగ్గర సగం మార్కులే. క్రీస్తురాజు పండుగ కూడా ఇక్కడ అక్టోబర్ చివరి ఆదివారం, 1970 పంచాంగంలోలాగా ఏడాది చివరన కాదు.

ఇక రెండు కాలమ్‌ల సంగతి. లాటిన్‌కి ఆర్టికల్స్ లేవు, సర్వనామాలు క్రియలోనే ఇమిడిపోతాయి, అందుకని అదే ప్రార్థన ఇంగ్లీషులో ఎక్కువ చోటు పడుతుంది. రెండు కాలమ్‌లూ వాక్యం వాక్యం ఎదురెదురుగా నిలిపితేనే కన్ను ఒకదాన్నించి ఇంకోదానికి దూకగలదు. పేరా మొదట్లో మాత్రమే కలిపి వదిలేసిన ముద్రణల్లో పేరా చివరికి వచ్చేసరికి నాలుగు వరుసల తేడా ఉంటుంది. లాటిన్ ఎప్పుడూ ఎడమవైపే ఉండాలి. ఎడమ పేజీలో ఒకవైపు, కుడి పేజీలో ఇంకోవైపు పెట్టే అద్దం అమరిక చూడ్డానికి బావుంటుంది, చదవడానికి కాదు.

తెలుగు చదువరులకు ఇక్కడో వెసులుబాటుంది. కానన్ మొదటి వాక్యం ‘తే ఇజితుర్, క్లెమెంతిస్సిమె పాతెర్, పెర్ యేసుమ్ క్రిస్తుమ్ ఫిలియుమ్ తూఉమ్, దోమినుమ్ నోస్త్రుమ్, సుప్లిచెస్ రోగాముస్ ఆక్ పేతిముస్.’ ఇంగ్లీషు దీన్ని తలకిందులు చేయాల్సిందే, ఎందుకంటే ‘నిన్ను’ అనే మాటతో వాక్యం మొదలుపెట్టలేదు. తెలుగు అదే వరుసలో చెబుతుంది: ‘నిన్నే కాబట్టి, మహా దయగల తండ్రీ, నీ కుమారుడు, మా ప్రభువు అయిన యేసుక్రీస్తు ద్వారా, తలవంచి వేడుకుంటున్నాం, అర్థిస్తున్నాం.’ విభక్తులున్న భాష, క్రియ చివరికి వెళ్లే భాష. కాబట్టి ఇంగ్లీషు కాలమ్ అర్థానికి చూసుకుని, మాటకి మాట జోడీ కట్టడం తెలుగులో చేసుకుంటే లాటిన్ త్వరగా పట్టుబడుతుంది. ‘దోమినుస్ వోబిస్కుమ్’లో ‘వోబిస్’ బహువచనం, ‘మీతో’. బదులుగా చెప్పే ‘ఎత్ కుమ్ స్పిరితు తూఒ’లో ‘తూఒ’ ఏకవచనం, ‘నీ’. నేటి ఇంగ్లీషులో రెండూ ఒకటే, పాత చేతి మిస్సళ్లలోని ‘దై’, ‘దౌ’ మాత్రం ఆ తేడాని నిలబెట్టాయి. ఆ పాత ఇంగ్లీషు కష్టమని మార్చేసిన ముద్రణల కంటే దాన్ని ఉంచినవే మేలు.

ఉచ్చారణ పేజీ ఉందో లేదో చూడండి. ఉన్నా అది ఇంగ్లీషువాళ్ల కోసం రాసింది. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ‘డామినస్’ అవుతుంది. లాటిన్‌లో ట, డ లేవు, మన త, ద లే. ద్విత్వాలు కూడా మనం రాసినట్టే పలకాలి, ‘పెక్కాతా’ అని. ఇ, ఎ ల ముందు క కాస్తా చ అవుతుంది: ‘చేలుమ్’. అదేచోట గ అయితే జ. ‘జిఎన్’ కలిస్తే న్య: ‘ఆన్యుస్ దేయి’. ‘టిఐ’ తర్వాత అచ్చు వస్తే త్సి: ‘గ్రాత్సియా’. ‘హెచ్’ పలకదు, ‘మికి’, ‘నికిల్’ తప్ప. మూడు, అంతకు మించి అక్షరాలున్న మాటల మీద ఒత్తు గుర్తు అచ్చయి ఉండాలి. ఆ గుర్తులు లేని లాటిన్‌ని పైకి చదవడం గుడ్డిగా నడవడమే.

పూజ జరుగుతుండగా పుస్తకం పరీక్షకు నిలిచేది కానన్ దగ్గర. ‘సాంక్తుస్’ గంట మోగాక గురువు గొంతు వినబడదు, అంతా మౌనంగా చదువుతారు. అప్పుడు ఆయన చేతుల్ని చూడాలి. రెండు చేతులూ నైవేద్యాల మీద చాచితే అది ‘హాంక్ ఇజితుర్’, చాలాచోట్ల అక్కడో గంట కొడతారు. తర్వాత రెండు ఎత్తుళ్లు, ముందు అప్పాన్ని, తర్వాత పాత్రని పైకెత్తడం. ఆ పైన మళ్లీ మౌనం, అందులోంచి మూడే మాటలు వినబడతాయి: ‘నోబిస్ క్వోక్వె పెక్కాతోరిబుస్’, గురువు రొమ్ము తట్టుకుంటారు. చివరికి ‘పెర్ ఓమ్నియా సేకులా సేకులోరుమ్’ అని పైకి అంటే మనం ఆమెన్ చెప్పి ‘పాతెర్ నోస్తెర్’ పేజీలో ఉండాలి. మంచి ముద్రణలు ఈ గుర్తుల్ని అంచున ఎర్రగా వేస్తాయి, చిన్న బొమ్మలు కూడా పెడతాయి. కానన్‌లో పేజీ తిప్పాల్సిన చోటు ఎక్కడ పడిందో కూడా చూడండి. ప్రతిష్ఠాపన మాటల మధ్యలో పేజీ తిప్పించే పుస్తకం ఆలోచన లేకుండా పేర్చింది. కానన్ ఎదురుగా సిలువ బొమ్మ ఉండటం అలంకారం కాదు. ‘తే ఇజితుర్’ మొదటి అక్షరం ‘టి’ సిలువ ఆకారంలో ఉంటుందని చేతిరాత ప్రతుల కాలం నుంచి దాన్ని సిలువగా చిత్రించేవారు, అదే తర్వాత విడి బొమ్మ అయింది. మందపాటి ఆ కాగితం వల్ల కానన్‌ని వేలితోనే వెతుక్కోవచ్చు.

దారి తప్పితే పేజీలు చకచకా తిప్పొద్దు. ‘దోమినుస్ వోబిస్కుమ్’ కోసం ఆగండి. పూజ మొత్తంలో అది ఎనిమిది సార్లు వస్తుంది, ఎప్పుడూ ఒక భాగం మొదట్లోనే. పాటలతో జరిగే పూజలో ఇంకో చిక్కుంది: గాయకులు ఇంత్రోయితుస్ పాడుతుంటే గురువు పీఠం మెట్ల దగ్గర ప్రార్థిస్తుంటారు. రెండింటినీ ఒకేసారి పట్టుకోలేం. పాటని అనుసరించడమే సులువు.

బైండింగ్ విషయం: వెన్ను పైకొసన చూస్తే మడత ఫారాలు గుత్తులుగా కనబడాలి, మధ్యలో దారం కుట్టు. నున్నగా జిగురు పూత మాత్రమే ఉంటే ఏడాదిలోపే పూజాక్రమం దగ్గర విడిపోతుంది, ఎందుకంటే ప్రతిసారీ తెరిచేది అక్కడే. కొత్త పుస్తకాన్ని ఒక్కసారిగా మధ్యకి విరవకండి. వెన్ను బల్లకి ఆనించి, అటు కొన్ని పేజీలు, ఇటు కొన్ని పేజీలు నొక్కుతూ మధ్యకి రండి. కాగితం బైబిల్ కాగితమే, వెనక అక్షరాలు కొంత కనబడతాయి, అది తప్పదు. ఎరుపు రంగు ముద్రణ పక్కకి జరిగిపోయి, గురువు సిలువ గుర్తు వేసే చోట ఉండాల్సిన ఎర్ర సిలువలు అక్షరాల మీద పడితే మాత్రం మార్పించుకోండి.

కీర్తనల సంఖ్యలు వుల్గాత (పాత లాటిన్ బైబిల్) లెక్కలో ఉంటాయి. బైబిల్లో వెతకాలంటే 10 నుంచి 112 దాకా ఒకటి కలపాలి: మిస్సల్‌లోని 50వ కీర్తన బైబిల్లో 51. 116 నుంచి 145 దాకా కూడా అంతే, ‘దె ప్రోఫుందిస్’ 129 అక్కడ 130.

చివర్లో ఉండే మరణించినవారి పూజని కొన్నప్పుడే ఒకసారి చదివి పెట్టుకోండి, అవసరం చెప్పి రాదు. అందులో మొదట పీఠం మెట్ల దగ్గర చెప్పే 42వ కీర్తన ఉండదు, గ్లోరియా, విశ్వాస సంగ్రహం ఉండవు. ‘ఆన్యుస్ దేయి’లో ‘మీసెరేరె నోబిస్’ బదులు ‘దోనా ఎయిస్ రెక్వియెమ్’, మూడోసారి దానికి ‘సెంపితెర్నామ్’ చేరుతుంది. చివరి దీవెన కూడా ఉండదు. ‘ఈతె మిస్సా ఎస్త్’ బదులు ‘రెక్వియెస్కాంత్ ఇన్ పాచె’, పోయింది ఒక్కరే అయినా బహువచనంలోనే. అలవాటు కొద్దీ ‘దేయో గ్రాత్సియాస్’ అనేస్తారు చాలామంది. అక్కడ చెప్పాల్సింది ఆమెన్.